మూడో చరణం

జెస్సికాకు ఆ పని అప్పగించారని విన్న సాయంత్రం ప్రభుదాస్ మాస్టారు ఎవరి సాయమూ లేకుండా మంచం మీద లేచి కూర్చున్నారు. రెండు నెలలుగా ఆయన తనంతట తాను లేచింది లేదు. ముక్కుకు తగిలించిన ఆక్సిజన్ గొట్టాన్ని సర్దుకుని, కూతురి మొహంలోకి చూస్తూ అడిగారు.

"మళ్ళీ చెప్పమ్మా. ఏ పురస్కారం?"

"గేయకేతనమే నాన్నా. ముప్ఫై ఏళ్ళ చరిత్ర రాయాలట. ఒక పుస్తకం, ఒక వెబ్‌సైటు. ఆఫీసులో తెలుగు రాసేది నేనొక్కదాన్నే కదా, నాకిచ్చారు."

జెస్సికా మాదాపూర్‌లో చిన్న కంపెనీలో కంటెంట్ రైటర్. ఇతర కంపెనీలకు కావలసిన రాతకోతలన్నీ అక్కడ తయారవుతాయి. లిఫ్టుల గురించి రాసింది, పళ్ళ డాక్టర్ల గురించి రాసింది, ఇళ్ళ స్థలాల గురించి రాసింది. ముప్ఫై నాలుగేళ్ళు వచ్చాయి. మియాపూర్‌లో బస్ డిపో వెనక అపార్టుమెంటులో తండ్రీ తనూ ఉంటారు. తల్లి సారమ్మ పోయి ఆరేళ్ళయింది. నిరుడు మాస్టారి ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయని డాక్టర్లు చెప్పారు. ఇది తగ్గేది కాదు, జాగ్రత్తగా చూసుకోండి అన్నారు.

గేయకేతనం గురించి ఆ ఇంట్లో ఒకరు చెప్పాల్సిన పనిలేదు. సుల్తాన్ బజార్లో హార్మోనియంలు బాగుచేసే చంద్రయ్య అనే ఆయన 1995లో దాన్ని మొదలుపెట్టాడు. పాట పాడినవాడి పేరు లోకమంతా తెలుస్తుంది, పాట కట్టినవాడు ఎవరికీ పట్టడు అన్నది ఆయన బాధ. అందుకని మాటా బాణీ రెండూ కట్టిన మనిషికే బహుమతి అన్నాడు. గాయకులకు ఇవ్వలేదు, సినిమా పాటల జోలికి పోలేదు. బహుమతి కూడా చిత్రమైనదే, టేకు చెక్క మీద బిగించిన, హార్మోనియంలో స్వరం పలికే ఇత్తడి రీడు ఒకటి. మొదటి ఏడాది అరవై ఒక్క పాటలు వచ్చాయి. చంద్రయ్యా ఇద్దరు స్నేహితులూ దుకాణం మూసుకుని తొమ్మిది రోజులు విన్నారు. హన్మకొండ డిపోలో పనిచేసే ఒక బస్సు కండక్టరు గెలిచాడు. పేపర్లో వచ్చిన ఆ వార్త ముక్కను మాస్టారు చాలా ఏళ్ళు బైబిలు అట్టలో దాచుకున్నారు.

అయితే ఆయన్ని పట్టుకున్నది ఆ బహుమతి కాదు. పాట పంపిన ప్రతి మనిషికీ చంద్రయ్య ఒక పోస్టు కార్డు రాసేవాడు. మాస్టారు నిజాంపట్నం హైస్కూల్లో లెక్కలు చెప్పే రోజుల్లో, అక్కడి తెలుగు పండితుడికి అలాంటి కార్డొకటి వచ్చింది. "పల్లవి బాగుంది. రెండో చరణంలో ఊపిరి తీసుకునే చోటు లేదు. సరిచేసి మళ్ళీ పంపండి" అని ఉంది అందులో. ఆ కార్డు స్టాఫ్ రూములో చేతులు మారింది. ముక్కూ మొహం తెలియని మనిషెవరో ఎక్కడో కూర్చుని, ఈ ఊరి పాటను అంత శ్రద్ధగా విన్నాడా అని మాస్టారు నోరు తెరుచుకుని ఉండిపోయారు. ఆయన అప్పటికే చర్చి కోసం పాతిక పాటలు కట్టారు. బాగున్నాయండీ అనేవాళ్ళే తప్ప, ఎందుకు బాగున్నాయో ఎక్కడ బాగాలేవో చెప్పినవాళ్ళు లేరు.

1999 నుంచి ఆయన కూడా పంపడం మొదలుపెట్టారు. హార్మోనియం ఆయనది, గొంతు సారమ్మది. ఆదివారం మధ్యాహ్నం తలుపులు మూసి, ఫ్యాను ఆపి, టేప్ రికార్డర్లో రికార్డు చేసేవారు. బాగా వచ్చిన టేపును పంపేసి, మిగిలినవాటి మీద మళ్ళీ మళ్ళీ రికార్డు చేసుకునేవారు. కవరు మీద అడ్రసు రాసే పని జెస్సికాది. ఎనిమిదేళ్ళ పిల్ల, తండ్రి స్కేలుతో గీసిన పెన్సిలు గీతల మీద గుండ్రంగా రాసేది. అలా పదమూడేళ్ళు పంపారు. 2012లో అంతా ఆన్‌లైన్ చేశాక, ఉత్తరం రాయడానికి చోటులేని ఫారం నాకొద్దని మానేశారు.

పదమూడేళ్ళలో ఒక్క కార్డూ రాలేదు.

"నాకిప్పుడు బహుమతి ఎందుకమ్మా," అన్నారు మాస్టారు ఆ సాయంత్రం. ఒక్కో మాటకూ ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. "ఒక్క సంగతి కనుక్కో. 2003లో పంపిన 'ఉప్పుగాలి' పాట. దాని గురించి వాళ్ళేమనుకున్నారో. లోపం ఏదో ఉండే ఉంటుంది. నాకు దొరకలేదు. ఇరవై రెండేళ్ళుగా వెతుకుతున్నాను."

"కనుక్కుంటాను నాన్నా" అంది జెస్సికా.

ఆ పాట ఆమెకు తెలుసు. "ఉప్పుగాలి ఊరిలో ఒక్క దీపమైనావు, దరి తెలియని పడవకు దారి చూపినావు" అని పల్లవి. దేవుణ్ణి తలుచుకునే పాటే. మూడో చరణంలో మాత్రం సారమ్మ ఉండేది. ఆమె రేపల్లె ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సు. పొద్దున మొదటి బస్సుకు ఇంటికి వస్తే ఎంత కడుక్కున్నా చేతులకు డెట్టాల్ వాసన పోయేది కాదు. ఆ చేతులతోనే అన్నం కలిపి కూతురికి పెట్టేది. ఆ వాసన మీద కట్టిన చరణం అది. పాడేటప్పుడు సారమ్మ సిగ్గుపడి గొంతు తగ్గించేది. మాస్టారు హార్మోనియం ఆపి, "గట్టిగా పాడు, దేవుడికి వినబడాలి" అనేవారు.

పురస్కారం ఇప్పుడు నానక్‌రామ్‌గూడలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ చేతిలో ఉంది. తొమ్మిదేళ్ళ కింద, కంపెనీకి మంచి పేరు వస్తుందని తీసుకున్నారు. ఇత్తడి రీడు పోయి గాజు బొమ్మ వచ్చింది. జెస్సికా గచ్చిబౌలి దాకా బస్సులో, అక్కడినుంచి షేర్ ఆటోలో వెళ్ళేది. ఆ కంపెనీ తరఫున ఈ పని చూసే స్రవంతి అనే అమ్మాయి మొదటిరోజే కాఫీ ఇప్పించి, ఒక మాట చెప్పింది.

"ఇది బయట అనొద్దు జెస్సికా గారు. దిస్ ఈజ్ ద లాస్ట్ ఇయర్. ముప్ఫై పూర్తయ్యాక ఆపేస్తున్నాం. అందుకే పుస్తకం. గ్రాండ్‌గా ఉండాలి."

పాత కాగితాలన్నీ సెల్లార్‌లో, జనరేటర్ పక్క గదిలో ఉన్నాయి. గది తాళం హౌస్‌కీపింగ్ చూసే కొమురమ్మ దగ్గర ఉండేది. యాభై దాటిన మనిషి, జనగామ వైపు నుంచి వచ్చింది. తలుపు తీసి, తడిగుడ్డతో ఒక కుర్చీ తుడిచి వేసింది.

"జర ఆగి కూసో మేడం. దుమ్మంత ముక్కులకు వోతది. ఈ గదిల మనిషి కాలువెట్టక ఎన్నేండ్లాయెనో."

మొదటి రెండు రోజులు జెస్సికాకు పండగలాగే ఉంది. చంద్రయ్య రిజిస్టర్లు దొరికాయి. నాలుగేళ్ళవి, నాలుగు. ప్రతి పాటకూ ఒక వరస. పేరు, ఊరు, పాట మొదటి ముక్క, పక్కన ఆయన అభిప్రాయం. "బాణీ పాతది, మాట కొత్తది." "ఈయన నిజంగా ఏడ్చి రాశాడు." "చరణం సాగింది, కత్తిరించాలి." కొన్నిచోట్ల సిరా అలుక్కుపోయింది. 1998 డిసెంబరుకు వచ్చేసరికి రాత వంకర్లు తిరిగి, ఒక పేజీ సగంలో ఆగిపోయింది. చంద్రయ్యకు పక్షవాతం వచ్చింది అప్పుడే. ఆ తర్వాత ఒక కమిటీ వచ్చింది, టీవీ వాళ్ళు వచ్చారు, ఉత్సవం లలితకళల హాలు నుంచి పెద్ద స్టేజీకి మారింది. 1999 రిజిస్టర్లో పేర్లూ నంబర్లే ఉన్నాయి. అభిప్రాయం రాసే గడి ఖాళీ. 2000లోనూ ఖాళీ. అట్నుంచి ఆ గడి గీయడమే మానేశారు.

తండ్రి పంపడం మొదలుపెట్టింది సరిగ్గా ఆ ఏడే. జెస్సికా రిజిస్టరు మూసింది. కార్డులు రాసే మనిషి లేకపోయాడు, అంతే కదా, విని ఉంటారు కదా అనుకుంది.

గురువారం మధ్యాహ్నం గది చివర అట్టపెట్టెలు తెరిచింది. సంవత్సరాల వారీగా తాళ్ళతో కట్టిన కవర్లు. ఒక్కో కట్ట మోకాలెత్తు. పైన రబ్బరు స్టాంపుతో నంబరు వేసి ఉంది. ఒకటి తీసి చూసింది. అంటించిన అంచు అంటించినట్టే ఉంది. ఇంకొకటి, ఇంకొకటి. టేపు వేసి అంటించినవీ, లక్క పెట్టినవీ, దారంతో కుట్టినవీ. ఎవరో తల్లి పసుపుబొట్టు పెట్టి పంపిన కవరు కూడా ఒకటుంది. ఏదీ విప్పలేదు.

2003 కట్టల్లో నంబరు 1,914 మీద గుండ్రటి అక్షరాలు కనబడ్డాయి. "గౌరవనీయులైన కార్యదర్శి గారికి." దీర్ఘాలు కాస్త పొడుగ్గా సాగి ఉన్నాయి. కింద సరిగా చెరపని పెన్సిలు గీత. లోపల క్యాసెట్టు కదిలిన చప్పుడైంది.

జెస్సికా రిజిస్టర్లలో నాన్న నంబర్లు చూసుకుంటూ మిగతా ఏళ్ళ కట్టలు కూడా విప్పి, మొత్తం పదకొండు కవర్లు బయటికి తీసింది. 2001దీ 2008దీ లేవు. పదకొండింటినీ వరసగా పెట్టి ఫోనులో ఫోటోలు తీసింది. పన్నెండేళ్ళప్పటి రాత, పదిహేనేళ్ళప్పటి రాత, ఇంటర్ చదివేటప్పుడు విసుగ్గా రాసిన రాత. పదకొండు టేపుల్లోనూ అమ్మ గొంతు ఉంది. ఇంట్లో ఆ గొంతు ఒక్క ముక్క కూడా మిగల్లేదు.

కొమురమ్మ తలుపు దగ్గర నిలబడి అడిగింది. "ఏందమ్మా, ఏడుస్తున్నవా? ఏమైంది?"

"మా నాన్న పంపినవి. ఎవరూ విప్పలేదు."

కొమురమ్మకు ఏమర్థమైందో గానీ, దగ్గరికి వచ్చి ఒక కవరును కొంగుతో తుడిచింది. "నీయే గద. సంచిల ఏసుకో. ఎవలడుగుతరు?"

జెస్సికా సంచి వైపు చూసింది. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు బ్యాగులు తెరిచి చూస్తారు, బయటికి తీసుకెళ్ళే ప్రతిదానికీ కాగితం కావాలి. దొంగతనం చేసినట్టుంటుంది. అడిగి తీసుకుంటే పోయేదేముంది అనుకుంది. కవర్లు మళ్ళీ పెట్టెలో, అన్నిటికన్నా పైన పెట్టింది.

ఆ సాయంత్రం మాస్టారు అడిగితే, "ఆ ఏడాది ఫైలు ఇంకా దొరకలేదు నాన్నా" అని చెప్పింది.

శుక్రవారం స్రవంతి అంతా విని నిజంగానే నొచ్చుకుంది. "అయ్యో, మీ ఫాదర్‌వా? తప్పకుండా తీసుకోండి. కానీ నేను నోటితో చెప్తే సరిపోదు. ఒక మెయిల్ పెట్టండి, లీగల్ వాళ్ళని కాపీలో పెట్టండి. సోమవారానికి అప్రూవల్ తెప్పిస్తాను."

జెస్సికా ఫోటోలు జతచేసి మెయిల్ పెట్టింది.

శనివారం నార్సింగికి వెళ్ళి విశ్వేశ్వరరావు గారిని కలిసింది. 1999 నుంచి పదమూడేళ్ళు కమిటీకి కార్యదర్శి ఆయన. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, పద్నాలుగో అంతస్తులో కొడుకు ఇంట్లో ఉంటున్నారు. పుస్తకం కోసం వచ్చానంటే సంతోషంగా పాత ఫోటోలు చూపించారు. కాఫీ తాగాక జెస్సికా కవర్ల సంగతి అడిగింది. ఆయన కప్పు కింద పెట్టారు.

"చంద్రయ్య గారి హయాంలో రెండు వందలు దాటేవి కాదమ్మా. టీవీ వాళ్ళు ప్రకటన వేశాక నాలుగు వేలు వచ్చాయి. జడ్జీలు ముగ్గురూ తలా కొన్ని పేర్లు రాసుకునే వచ్చేవారు. అవి ఒక ఇరవై విని, అందులో ఒకటి తేల్చేవాళ్ళం. మిగతావాటికి నంబరు వేసి లోపల పెట్టేవాళ్ళం."

"విప్పకుండానా అండీ?"

"విప్పితే మళ్ళీ సర్దుకోవాలి కదమ్మా" అని, తన మాట తనకే వినబడినట్టు ఆగిపోయారు. మెల్లిగా అన్నారు. "ప్రతి ఏడూ కాగితం మీద సంతకం పెట్టేవాణ్ణి. అందిన పాటలన్నిటినీ పరిశీలించితిమి అని."

"రెండు కవర్లు కనబడలేదండీ. 2001దీ, 2008దీ. అవైనా విన్నారేమో."

ఆ ప్రశ్న అడుగుతున్నప్పుడు తన గొంతులో ఎంత ఆశ ఉందో జెస్సికాకే తెలిసింది. ఆయన తల అడ్డంగా ఊపారు.

"2001లో గోదాములోకి నీళ్ళొచ్చాయి. కింద వరస తడిస్తే పారేశాం. రెండోది గుర్తులేదు." కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగారు. "బాగా రాసేవారా మీ నాన్నగారు?"

బాగా రాసేవారో లేదో చెప్పాల్సింది ఆయనే కదా. జెస్సికా లేచి నమస్కారం పెట్టి వచ్చేసింది.

సోమవారం పది గంటలకు అప్రూవల్ వచ్చింది. ప్రింటు తీసుకుని సెల్లార్‌కు దిగితే గది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఏమీ లేదు. నేల తడిగా ఉంది, ఫినాయిల్ వాసన వస్తోంది. గోడ పక్కన కొమురమ్మ మాపు పిండుతోంది.

"ఏంది మేడం, ఇప్పుడొచ్చినవ్? శనారమే మొత్తం ఖాళీ జేసిన్రు. కుర్చీలు వెట్టేతందుకు జాగ గావాల్నంట. పెద్ద బండి తెచ్చి ఏసుకవోయిన్రు."

"రిజిస్టర్లు? కవర్లు?"

"రిజిస్టర్లు పైకి కొంచవోయిన్రు. గా కవర్లన్ని తుక్కు కిందికే." కొమురమ్మ ఆమె చేతిలోని కాగితం చూసింది. "గా దినమే తీస్కోమంటి గదమ్మా. పోనీ నాకన్న ఒక మాట జెప్తే తీసి నా డబ్బల వెట్టుకుంటుంటి."

స్రవంతి గంటన్నర సేపు ఫోన్లు చేసింది. బిల్డింగు పనులు చూసే ఫెసిలిటీస్ వాళ్ళు తుక్కు కొన్న వెండర్ పేరు చెప్పారు, వెండర్ ఇంకొకరి పేరు చెప్పాడు. చివరికి తేలిందేమిటంటే, ఆదివారమే అంతా కాగితం మిల్లుకు వెళ్ళిపోయింది, టేపుల ప్లాస్టిక్కు వేరుగా ముక్కలు చేసేశారు. "ఐ యామ్ సో సారీ జెస్సికా గారు. ఫ్రైడే మీరు మెయిల్ పెట్టినప్పుడే నేను ఫెసిలిటీస్‌ని కూడా కాపీలో పెట్టాల్సింది" అని స్రవంతి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆమెను ఓదార్చి జెస్సికా ఇంటికి బయల్దేరింది.

షేర్ ఆటోలో వస్తూ, ఏం చెప్పాలో ఆలోచించుకుంది. ఎవరూ వినలేదని చెబితే ఇరవై రెండేళ్ళు వెతికిన లోపం లేదని తెలుస్తుంది. దానితోపాటు ఆ పాట ఎవరి చెవినీ పడలేదనీ తెలుస్తుంది. అమ్మ గొంతు తుక్కులో పోయిందనీ తెలుస్తుంది. మెట్లెక్కుతున్నప్పుడు కూడా ఏమీ తేల్చుకోలేదు.

తలుపు తీయగానే మాస్టారు మంచం మీంచి అడిగారు. "దొరికిందా అమ్మా?"

ఆ మొహం చూసి జెస్సికా, "దొరికింది నాన్నా" అంది.

"ఏమని రాశారు?"

ఏదో ఒకటి చెప్పాలి. చంద్రయ్య రిజిస్టర్లో ఎవరి పాట పక్కనో చదివిన మాట నోటికొచ్చింది. "పల్లవి చాలా బాగుందట. కార్డు కూడా రాశారట, పోస్టు చేయడం మరిచిపోయారు. చివరి చరణం సాగింది, కత్తిరించాలి అని ఉంది."

మాస్టారు కళ్ళు మూసుకున్నారు. జెస్సికా భయపడింది. కాసేపటికి ఆయన పెదవుల మీద నవ్వు కనబడింది. ఏడాదిగా ఆమె చూడని నవ్వు.

"చివరిది. మూడోది. అంతేలే, నాకూ అనుమానంగానే ఉండేది. మిగతా పాట అంతా దేవుడి గురించి. అక్కడొక్కచోట మీ అమ్మను తెచ్చి పెట్టాను. పాట నిలిచిపోయింది. ఎంత బాగా పట్టుకున్నారమ్మా! అంటే విన్నారు. ఒకటికి రెండుసార్లు వినకపోతే ఆ మాట అనలేరు."

"అవును నాన్నా."

"ఆ నోటు పుస్తకం ఇటివ్వు. ఎర్ర పెన్ను కూడా."

పాటల పుస్తకం ఇచ్చాక గానీ ఆయనేం చేయబోతున్నారో ఆమెకు తట్టలేదు. అప్పటికే ఆ పేజీ తీసి, మూడో చరణం మొదటి మాట మీద పెన్ను పెట్టారు. ఆయనది బళ్ళో అలవాటు. అడ్డంగా గీత గీస్తే పిల్లలు మళ్ళీ ఆ తప్పే చదువుతారని, అక్షరం కనబడకుండా దిద్దేసేవారు. ఒక్కో అక్షరాన్నీ గుండ్రంగా సిరాతో నింపుతున్నారు.

"నాన్నా, వద్దు. అది ఉండనీ. నాకు అదే ఇష్టం."

"నువ్వు నా కూతురివి కాబట్టి అంటున్నావు. వాళ్ళు పరాయివాళ్ళు. వాళ్ళకు మొహమాటం ఏముంటుంది?"

ఆ క్షణాన చెప్పేయాల్సింది. అబద్ధం చెప్పాను నాన్నా, ఆ మాట నీ పాట గురించి కాదు అని రెండు ముక్కలు. జెస్సికా నోరు తెరిచింది కూడా. మాస్టారు తలెత్తి చూశారు. ఆ కళ్ళల్లో వెలుగు చూసి, "మందు వేళయింది" అని వంటగదిలోకి వెళ్ళిపోయింది. గట్టు పట్టుకుని నిలబడింది. తిరిగి వచ్చేసరికి నాలుగు పాదాలూ నాలుగు ఎర్ర పట్టీలయ్యాయి.

తరువాతి మూడు వారాలూ ఆయన ఆ పాటతోనే గడిపారు. రెండు చరణాలకూ సరిపోయేలా ముగింపు మార్చారు. హార్మోనియం వాయించే ఓపిక లేదు, దుప్పటి మీద వేళ్ళు ఆడించేవారు. చర్చిలో క్వైర్ నడిపే ఆరోన్‌ను పిలిపించి, పెదవులు కదిపి బాణీ చెప్పి నేర్పించారు. "సరిచేసి మళ్ళీ పంపమని కార్డుల్లో రాస్తారు కదా. పంపమ్మా" అని కూతుర్ని అడిగారు.

పంపడానికి పురస్కారం లేదు. అయినా రెండు రోజుల తర్వాత "పంపాను నాన్నా" అంది జెస్సికా. ఒకసారి మొదలుపెట్టాక రెండో అబద్ధం కష్టం కాలేదు. దాంతో ఆమెకు మరింత భయం వేసింది.

పగలంతా పురస్కారం చరిత్ర రాసేది. చంద్రయ్య గురించి రాసింది, కండక్టరు గురించి రాసింది, పోస్టు కార్డుల గురించి రాసింది. తరువాత ఒక పేరా రాసింది. "1999 నుంచి పదమూడేళ్ళలో పురస్కారానికి దాదాపు నలభై వేల పాటలు వచ్చాయి. వాటిలో కొన్ని వందలను మినహాయిస్తే తక్కిన కవర్లను ఎవరూ విప్పలేదు. ఆ పాటలు ఇప్పుడు లేవు." మిగతా పుస్తకమంతా ఈ మూడు వాక్యాల కోసమే రాస్తున్నట్టు అనిపించింది ఆమెకు.

వారం తర్వాత కంపెనీ నుంచి దిద్దిన ప్రతి వచ్చింది. ఆ పేరా చోట ఇలా ఉంది: "రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చిన వేలాది పాటలను న్యాయనిర్ణేతలు ఎంతో ఓపికతో ఆలకించారు." స్రవంతి ఫోన్ చేసి చెప్పింది. "నేను ఆపడానికి చూశాను జెస్సికా గారు. పైవాళ్ళు ఒప్పుకోలేదు. మీ పేరు తీసేయమంటారా?"

అవతలి గదిలో నాన్న దుప్పటి మీద వేళ్ళు ఆడిస్తున్నారు. ఆ పుస్తకం అచ్చయితే చూడాలని రోజూ అడుగుతున్నారు.

"ఉండనీయండి" అంది.

మాస్టారు పుస్తకం చూడలేదు. అది ప్రెస్సుకు వెళ్ళిన నాలుగో రోజు, ఆదివారం, చర్చికి వెళ్ళే వేళకు ఆయన ఊపిరి ఆగింది. బాధపడలేదు. అంతకుముందు రోజే, "పాటకు ఇప్పుడు ఊపిరాడుతోంది అమ్మా" అన్నారు.

భూస్థాపన అయ్యాక, ఇంట్లోవాళ్ళను ఓదార్చేందుకు పెట్టే ఆదరణ కూడికలో క్వైర్ వాళ్ళు ఆ పాట పాడారు. ఆరోన్ దాన్ని టైపు చేయించి అందరికీ పంచాడు. "రచన, స్వరం: ప్రభుదాస్ మాస్టారు" అని కింద ఉంది. నిజాంపట్నం నుంచి కూడా కొందరు వచ్చారు. పాట బాగుంది. ఎక్కడా ఆగలేదు, తడబడలేదు, నాలుగు నిమిషాల్లో అయిపోయింది. వెనక వరసలో ఎవరో "ఇప్పుడు చిన్నగా బాగుంది" అన్నారు.

కూడిక ముగిశాక ఆరోన్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అక్కా, చిన్నప్పుడు మన ఊళ్ళో సారమ్మ ఆంటీ క్రిస్మస్‌కు పాడినప్పుడు ఇంకో చరణం ఉండేది కదా. ఏదో చేతుల మీద. అది ఎందుకు తీసేశారు సారు?"

"సాగిందన్నారు."

"ఎవరు?"

జెస్సికా చేతిలోని పాట కాగితాన్ని మడతపెట్టింది.

"నీకు గుర్తుందా అది? రాసుకుంటాను."

గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. "పరుల పుండ్లు కడిగిన చేతుల వాసన, పరిమళమని నీవైనా పీల్చుకొందువా దేవా" అని రెండు పాదాలు వచ్చాయి. తరువాత రెండు పాదాలున్నాయి. బాణీ పైకి వెళ్ళేది అక్కడే, అమ్మ కళ్ళు మూసుకునేది అక్కడే. బాణీ వినబడుతోంది గానీ మాటలు రావడం లేదు. నిజాంపట్నం వాళ్ళను అడిగింది. ఒకావిడ ఒక మాట చెప్పింది, పెద్దాయన ఇంకో మాట చెప్పాడు, రెండూ వేరే పాటలోవి.

మర్నాడు నోటు పుస్తకం తీసి ఆ పేజీని కిటికీ అద్దానికి ఆనించి చూసింది. ఎండ ఎర్ర పట్టీల్లోంచి దూరలేదు. వెనక నుంచి చూసింది, ఏటవాలుగా పెట్టి చూసింది, వేలితో గీతల గుంటలు తడిమింది. మూడో పాదం మొదట్లో 'క' లాంటిదేదో ఉన్నట్టనిపించింది. కాదేమో కూడా. బళ్ళో పిల్లల తప్పులు దిద్దిన మనిషి, ముప్ఫై మూడేళ్ళ అలవాటు, బాగా దిద్దారు.

మూడో రోజు పుస్తకం వచ్చింది. నున్నటి కాగితం, బంగారు అంచు, మొదటి పేజీలో గాజు బొమ్మ ఫోటో. ఆమె పేరు ఎక్కడో చివర చిన్న అక్షరాల్లో ఉంది. స్రవంతి తన చేత్తో ఒక చీటీ రాసి పెట్టింది, నాన్నగారికి చూపించండి అని. ఆయన పోయిన సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. జెస్సికా పుస్తకాన్ని ఖాళీ మంచం మీద పెట్టి, పక్కనే కూర్చుని, మూడో పాదం కోసం మళ్ళీ మొదటి నుంచి పాడుకోవడం మొదలుపెట్టింది. రెండో పాదం దాకా వచ్చి ఆగిపోయింది.